పవర్ స్టీరింగ్ ఆయిల్ లీకు: మంచి ర్యాక్‌ని దింపేసిన కేసు

మా షెడ్డు విజయవాడ ఆటోనగర్‌లో. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని, ఎక్కువగా పదేళ్ళు దాటిన కార్లే వస్తాయి మా దగ్గరికి. ఈ కేసు ఎందుకు రాస్తున్నానంటే ఇందులో తప్పు చేసింది నేనే కాబట్టి. ఓనర్‌ని అడిగే రాస్తున్నా. ఆయన పేరు, ఊరు, బండి కంపెనీ ఏవీ చెప్పను, మాస్టారు అంటాను, నిజంగానే మాస్టారు, రిటైరయ్యి చాన్నాళ్ళయింది.

బండి సంగతి

2006 మోడల్ పెట్రోల్ సెడాన్, ముందు చక్రాలు లాగే రకం, ఇంజను అడ్డంగా కూర్చుంటది. 1 లక్షా 38 వేల కిలోమీటర్లు తిరిగింది. స్టీరింగు హైడ్రాలిక్, ఇప్పటి బళ్ళకి వచ్చే కరెంటు మోటారు స్టీరింగ్ కాదు. తెలియనోళ్ళ కోసం చెప్తున్నా, ఇంజను బెల్టు పంపుని తిప్పుద్ది, పంపు ఆయిల్ని ప్రెజర్‌తో ర్యాక్‌లోకి, అంటే ముందు చక్రాల్ని అటూ ఇటూ తిప్పే కడ్డీ ఉండే భాగంలోకి తోస్తది, మనం ఎటు తిప్పితే అటు ఆ ఆయిలే ర్యాక్‌ని నెట్టుద్ది, పనైపోయాక రిటర్న్ పైపులోంచి మళ్ళీ డబ్బాలోకి వచ్చేస్తది. స్టీరింగు తిన్నగా ఉన్నంతసేపు ప్రెజర్ పెద్దగా ఉండదు, ఆయిలు ఊరికే చుట్టూ తిరుగుతా ఉంటదంతే. అదే చివరిదాకా తిప్పి పట్టుకున్నారనుకోండి, చాలా బళ్ళలో 70 నుంచి 100 బార్ దాకా పోద్ది. మన కారు టైర్లో గాలి 2 బార్ చిల్లర, దాంతో పోల్చి చూసుకోండి. ఇది నాకు తెలియని విషయమేం కాదు, కుర్రాళ్ళకి నేనే చెప్తుంటా, కానీ ఈ బండి దగ్గర మాత్రం గుర్తుకు రాలా.

మాస్టారు తెచ్చిన కంప్లయింటు

పది పన్నెండు రోజులకోసారి డబ్బాలో ఆయిలు మిన్ గీత కిందకి దిగిపోతోంది. పొద్దున్నే స్టార్ట్ చేసి తిప్పితే కుయ్యిమని అరుస్తోంది. డ్రైవర్ వైపు ముందు చక్రం వెనకాల నేల మీద ఎర్ర మరకలు. ఎరుపు అంటే ఈ బండిలో అనుమానం అక్కర్లేదు, డబ్బా మూత మీదే ఏటీఎఫ్ డెక్స్‌రాన్ అని రాసుంది, అది ఎర్రగా ఉండే ఆయిలు, ఇంజనాయిలైతే నల్లగా ఉంటది, కూలెంట్ అయితే వేళ్ళ మధ్య జిగటగా కాకుండా నీళ్ళలాగా ఉండి తియ్య వాసనొస్తది.

మా దగ్గరికొచ్చేలోపే రెండు చోట్ల చూపించారు. ఒక చోట పంపు సీల్ కిట్, అంటే ఆయిలు బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగుల సెట్టు, మార్చారు, లీకు ఆగలా. వాళ్ళే లీకు ఆపే మందు అని ఒక సీసా డబ్బాలో పోశారు, పోసిన తర్వాత మూడు వారాలు లీకు తగ్గింది, తర్వాత మళ్ళీ మామూలే. రెండో చోట ర్యాక్ పోయింది, మొత్తం మార్చాలి, 18 వేలు అన్నారు. అందుకని ఇంకొకళ్ళ మాట కూడా విందామని నా దగ్గరికి వచ్చారు.

వస్తూ వస్తూ ఒక అట్ట ముక్క తెచ్చారు. ఫ్రిజ్ డబ్బా అట్ట, రోజూ రాత్రి బండి కింద పరిచేవారట. పడిన ప్రతి చుక్క చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి పక్కన తేదీ వేశారు, పిల్లల పేపర్లు దిద్దినట్టు. కొన్ని తేదీల దగ్గర చిన్న అక్షరాల్లో 'మార్కెట్', 'అమ్మాయి ఇల్లు' అని కూడా రాసుంది. నేను చూసి నవ్వి, బాగుంది మాస్టారూ అని గోడకి ఆనించి పెట్టేశా. చదవలా. ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే విలువైన కాగితం అదే, రెండు వారాలు నా షెడ్డులోనే దుమ్ము పట్టింది.

నేను చేసిన మొదటి పని

బండి పిట్ మీద పెట్టి కిందనుంచి చూశా. డ్రైవర్ వైపు ర్యాక్ బూటు, అదే ముడతలు ముడతలుగా ఉండే రబ్బరు తొడుగు, కింద భాగమంతా తడి. చేత్తో నొక్కితే చెయ్యి ఎర్రబడింది. పంపు వైపు చూస్తే పొడిగానే ఉంది, కొత్త సీలు వేశారు కదా. పదిహేడేళ్ళ బండి, ర్యాక్ సీళ్ళు గట్టిపడి లీకవడం ఈ వయసు బళ్ళలో మామూలే, పైగా ఇంకో మెకానిక్ కూడా ర్యాకే అన్నాడు. ఇన్ని కలిసేసరికి నాకు ఇంకో ఆలోచనే రాలా.

నిజానికి ఇక్కడ చేయాల్సిన పని రెండు నిమిషాలది. బూటు చివరున్న క్లిప్పు కోసి, బూటు వెనక్కి లాగి లోపల చూడాలి. ర్యాక్ సీలు పోతే ఆయిలు బూటు లోపల చేరుద్ది, క్లిప్పు తియ్యగానే బుడుక్కున కారుద్ది. లోపల పొడిగా ఉండి బయట తడిగా ఉందంటే ఆ ఆయిలు పైనుంచి ఎక్కణ్ణుంచో కారి దీని మీద పడతన్నట్టు. ఇది నేను కొత్త కుర్రాడికి మొదటి నెల్లోనే నేర్పే విషయం. ఆ రోజు షెడ్డులో నాలుగు బళ్ళున్నాయి, క్లిప్పు కోస్తే మళ్ళీ కొత్తది వెయ్యాలి, ఎలాగూ ర్యాక్ దింపేదే కదా అనుకున్నా.

కొత్త ర్యాక్ వద్దు, రీకండిషన్ చేయిద్దాం, సగం ఖర్చులో అయిపోద్ది అని మాస్టారికి చెప్పా, ఆయన సరేనన్నారు. ర్యాక్ దింపి పక్క వీధిలో ర్యాకులు చేసే ఆయనకి పంపించా. సాయంత్రం ఫోన్ చేశాడు. "అన్నా, సీళ్ళు బానే ఉన్నాయే, షాఫ్ట్ మీద గీత కూడా లేదు, దేనికి దింపావు దీన్ని?"

అప్పుడైనా ఆగాలా? ఆగలా. "పాత బండిలే, ఎలాగూ ఊడదీశావుగా, కిట్ వేసెయ్" అన్నా. ఈ మాట నేను ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో. ర్యాక్ విప్పి కళ్ళారా చూసినవాడు బాగుంది అంటుంటే, బయట నుంచి చెయ్యి తడి చూసిన నేను నా మాటే నిలబెట్టుకున్నా. కిట్, లేబరు, ఆయిలు, అలైన్‌మెంటు అన్నీ కలిపి 9,100 అయింది.

పన్నెండో రోజు ఫోనొచ్చింది. కోపంగా కూడా కాదు, క్లాసులో పేరు పిలిచినట్టు, "ఏం బాబూ, అట్ట మళ్ళీ తడిసింది."

మళ్ళీ మొదట్నుంచి

ఈసారి బండిని రోజంతా ఖాళీగా పెట్టించుకున్నా. ముందు ఇంజను కింద భాగం, సబ్ ఫ్రేము, ర్యాకు, పైపులు అన్నీ డీజిల్ కొట్టి, సోపు నీళ్ళతో కడిగి గాలి కొట్టి ఆరబెట్టాం. తడిగా ఉన్న బండిలో లీకు వెతకడం అంటే వానలో చెమట వెతికినట్టే, ఏది పాతదో ఏది కొత్తదో తెలీదు. ఆరాక కుర్రాడి పౌడరు డబ్బా తీసుకుని పైపుల మీద, జాయింట్ల మీద, బూటు మీద చల్లా. పౌడరు మీద ఆయిలు తగిలిన చోట ముదురు రంగు మరక కనపడుద్ది, లేబర్ ఏం లేదు, ఖర్చు అంతకన్నా లేదు. వాడు వారం రోజులు దాని గురించి నన్ను తిట్టుకున్నాడు, అది వేరే.

స్టార్ట్ చేసి పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచాం. పౌడరు తెల్లగానే ఉంది. రింగ్ రోడ్డు మీద తిన్నగా ఆరేడు కిలోమీటర్లు తిప్పుకొచ్చా, పిట్ మీద పెట్టి చూస్తే చుక్క లేదు. మొదటిసారి కూడా నేను ఐడిల్‌లోనే చూశాను కదా అని అప్పుడు వెలిగింది. ప్రెజర్ లేనప్పుడు చూసి ప్రెజర్ లైన్ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చేశా.

కుర్రాణ్ణి టార్చిలైటుతో కింద నిలబెట్టి నేను స్టీరింగు దగ్గర కూర్చుని కుడికి చివరిదాకా తిప్పి పట్టుకున్నా. మూడు, నాలుగు అంకెలు లెక్కపెట్టి వదిలేశా, అయిదు సెకన్లు మించి పట్టుకోకూడదు, పంపు వేడెక్కి చచ్చిపోద్ది. ఎడమకి తిప్పి పట్టుకున్నా. రెండోసారి కుడికి తిప్పగానే కింద నుంచి కేక. "అన్నా, ఇక్కడేందో తుంపర కొడతంది, పొగలాగా!"

అంటూనే వేలు పెట్టబోయాడు. చెయ్యి తియ్యరా అని అరిచా. ఇది గట్టిగా చెప్తున్నా, ప్రెజర్ లైన్లో సన్న లీకుని వేలితో తడమొద్దు. ఆ సన్నటి జెట్ చర్మంలోంచి లోపలికి దూరిపోగలదు, పైకి సూది గుచ్చినంతే కనపడుద్ది, లోపల ఆయిలు చేరి వేలు పోయే దాకా రావచ్చు. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడాలి.

దిగి చూశా. పంపు నుంచి ర్యాక్‌కి వెళ్ళే హై ప్రెజర్ హోసు, దాని రబ్బరు, ఇనప పైపు కలిసే చోట నొక్కి బిగించిన మెటల్ రింగు ఉంటది, క్రింప్ అంటాం. ఆ రింగు అంచు నుంచి టార్చి వెలుగులో సన్నగా మంచులాగా లేస్తోంది, స్టీరింగు వదలగానే మాయం. ఆ తుంపర ఇనప పైపు కింది అంచుకి పట్టి, వంపు దాకా జారి, అక్కడి నుంచి బొట్టు బొట్టుగా ర్యాక్ బూటు మీద పడతంది. లీకైన చోటుకీ చుక్క పడ్డ చోటుకీ మధ్య అడుగున్నర దూరం ఉంది. పైపు కిందివైపే తడి కాబట్టి పైనుంచి బానెట్ ఎత్తి చూసినోడికి ఏమీ కనపడదు.

అప్పుడు గోడకి ఆనించిన అట్ట గుర్తొచ్చింది. దుమ్ము దులిపి చదివా. 'మార్కెట్' అని రాసిన తేదీల దగ్గర అయిదారు సున్నాలు. 'అమ్మాయి ఇల్లు' అని రాసిన తేదీల్లో, అంటే హైవే మీద రానూ పోనూ వంద కిలోమీటర్లు తిరిగిన రోజుల్లో ఒకటో రెండో. సందుల్లో తిప్పి తిప్పి పార్కింగ్ చేసిన రోజు కారతంది, తిన్నగా ఎంత దూరం పోయినా కారట్లా. ఇంతకన్నా ఏం చెప్తారు ఎవరైనా? ఇంకోటి కూడా కనపడింది. లీకు మందు పోశాక మూడు వారాలు తగ్గిందన్నారు కదా, ఆ మూడు వారాలూ అట్ట మీద అసలు తేదీలే లేవు. అడిగితే, "అప్పుడు మేం ఊళ్ళో లేం బాబూ, కాశీ వెళ్ళాం" అన్నారు. మందు పనిచేసిందని అందరం అనుకున్నాం, బండి కదిలితే కదా.

ఆ మందుల గురించి ఒక మాట. అవి సీలు రబ్బర్ని కాస్త ఉబ్బేటట్టు చేస్తాయి, కొద్దిగా గట్టిపడిన సీలు చెమర్చుతుంటే కొన్నాళ్ళు ఆపొచ్చు. క్రింప్ దగ్గర లీకుకి, పగిలిన పైపుకి దానివల్ల ఒరిగేదేం లేదు. బ్రేక్ ఆయిల్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు, అది అన్నిటికన్నా ఘోరం, ఈ సిస్టంలో ఉన్న రబ్బరు బ్రేక్ ఆయిల్‌కి తట్టుకోదు, ఉబ్బి మెత్తబడి పంపు ర్యాకు రెండూ పోతాయి.

హోసు ఏది వెయ్యాలి

మూడు దారులు. కంపెనీ హోసు ఆర్డర్ పెడితే మూడు వారాలు, 4,200. స్క్రాప్‌లో అదే మోడల్ బండి హోసు 600కి దొరుకుద్ది, కానీ దాని వయసూ ఇంతే, దాని క్రింపూ ఇంతే. మూడోది, జేసీబీలకి ట్రాక్టర్లకి హోసులు నొక్కే షాపులో పాత ఇనప చివర్లు ఉంచి మధ్యలో కొత్త హోసు వేయించడం, 1,100, గంట పని.

మాస్టారి డబ్బు అప్పటికే నా చేత్తో తగలేశాను కాబట్టి తక్కువలో పోవాలని మూడోది ఎంచుకున్నా. లెక్క ప్రకారం తప్పు కూడా కనపడలా, ఆ హోసు 200 బార్ పైనే తట్టుకుంటది, మనకి కావాల్సింది అందులో సగం. వేయించాం, స్టీరింగు చివరిదాకా తిప్పి పట్టి చూశాం, పొడి. పార్కింగ్‌లో తిప్పేటప్పుడు మాత్రం స్టీరింగులో గుర్రుమని ఒక శబ్దం కొత్తగా వచ్చింది. కంపెనీ హోసు కొంచెం మెత్తగా ఉండి పంపు కొట్టే దెబ్బల్ని తనలో మింగుద్ది, ఈ జేసీబీ హోసు రాయిలాగా బిగుసుకుని ఉంటది, దెబ్బలన్నీ నేరుగా ర్యాక్‌కి పోతాయి. శబ్దమేగా, పర్లేదు మాస్టారూ అన్నా.

అయిదు వారాలకి మళ్ళీ అట్ట తడిసింది.

పిట్ మీద పెట్టి చూస్తే ఈసారి క్రింప్ కాదు, క్రింప్ పక్కనే ఇనప పైపు మీద వెంట్రుకంత పగులు. కానీ అదే చివర, పంపు వైపు చివర. కూర్చుని టీ తాగుతా ఆలోచించా. పాత హోసు ఇక్కడే పోయింది, కొత్త హోసూ ఇక్కడే పోయింది. రెండు వేరే వేరే హోసులు ఒకే చోట పోతే తప్పు హోసుది కాదు. హోసుకి ఒక చివర పంపు, అది ఇంజనుకి బిగించి ఉంటది. రెండో చివర ర్యాకు, అది బాడీకి బిగించి ఉంటది. ఇంజను ఊగితే మధ్యలో నలిగేది హోసే.

బానెట్ ఎత్తి పెట్టి కుర్రాణ్ణి ఇంజను ఆఫ్ చెయ్యమన్నా. ఇంజను మొత్తం ఒక్కసారి ఎగిరి కూలబడింది. మళ్ళీ స్టార్ట్ చేయించి, బ్రేకు గట్టిగా తొక్కిపెట్టి రివర్సు గేర్లో క్లచ్ కొంచెం కొంచెం వదలమన్నా, నేను పక్కకి నిలబడి చూస్తున్నా, ముందు నిలబడకండి ఎప్పుడూ. ఇంజను పైభాగం ఈజీగా రెండు వేళ్ళ మందాన వెనక్కి ముందుకి ఊగింది. ఇంజనుని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెల్ని మౌంట్లు అంటాం, అందులో కింది మౌంటు బుష్ పూర్తిగా చినిగిపోయి రబ్బరు ముక్క వేలాడతంది, పక్క మౌంటు కుంగిపోయింది.

మాస్టార్ని అడిగా, ఆఫ్ చేసేటప్పుడు బండి ఊపట్లేదా అని. "ఊపిద్ది బాబూ, రెండేళ్ళ నుంచి అంతే, పాత బండి కదా అనుకున్నా" అన్నారు. పాత బండి కదా అని నేనూ అన్నాను ర్యాక్ విషయంలో. నేను వేసిన గట్టి హోసు పరిస్థితిని ఇంకా చెడగొట్టింది, మెత్త హోసయితే ఆ ఊపుని రబ్బరు కొంత తీసుకునేది, ఇది తీసుకోకుండా ఊపంతా ఇనప పైపు మెడకి పంపింది. అందుకే ఏళ్ళు పట్టాల్సింది అయిదు వారాల్లో అయిపోయింది.

చివరికి పనిచేసింది

రెండు మౌంట్లు మార్చాం, 2,900. కంపెనీ హోసు ఆర్డర్ పెట్టాం. వచ్చేలోపు బండి తియ్యొద్దన్నా, ఎందుకంటే ఆ పగులు సైలెన్సర్ మ్యానిఫోల్డ్ వైపు చూస్తా ఉంది, ఏటీఎఫ్ తుంపర వేడి మ్యానిఫోల్డ్ మీద పడితే పొగతో ఆగకపోవచ్చు, మంట అంటుకోవచ్చు. ఆయిలు మొత్తం పోతే స్టీరింగు పనిచేయడం మానదు గానీ రాయిలాగా బరువెక్కుద్ది, డెబ్బై ఏళ్ళ మనిషి మలుపులో ఉన్నప్పుడు అది జరిగితే ఏంటి పరిస్థితి.

హోసు వచ్చాక పంపు దగ్గర బోల్టుకి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేశాం. పాత వాషర్లు మళ్ళీ వేస్తే బిగించినకొద్దీ చెమర్చుద్ది, పాతిక రూపాయల దగ్గర కక్కుర్తి పడొద్దు. రిటర్న్ హోసు కూడా గట్టిపడి ఉంది, ఆయిల్‌కి తట్టుకునే రబ్బరుదే వేశాం, నీళ్ళ పైపు ముక్క వేస్తే నెలల్లో ఉబ్బిపోద్ది.

కుయ్యిమనే శబ్దం సంగతి మిగిలింది. డబ్బా ఊడదీసి వెలుతుర్లో పెట్టి చూస్తే అడుగున ఉన్న జల్లెడ సగం పైన మూసుకుపోయి ఉంది, నల్లటి జిగురు. పంపుకి ఆయిలు సరిగ్గా అందక అరుస్తోంది, లెవెల్ తక్కువైనప్పుడు గాలి కూడా లాగుతోంది. ఈ బండిలో జల్లెడ డబ్బాలోనే అతికి ఉంటది, విడిగా రాదు, డబ్బానే మార్చాం, 850.

తర్వాత ముందు చక్రాలు రెండూ లేపి, రిటర్న్ పైపు ఒక సీసాలో పెట్టి, కొత్త ఆయిలు పోస్తా, స్టీరింగు తిప్పుతా పాత ఆయిలు మొత్తం కక్కించాం. మొదట టీ డికాషన్ రంగులో వచ్చింది, మూడు లీటర్లు పోశాక ఎరుపు కనపడింది. గాలి తియ్యడం ఇంజను ఆపే చేశాం, ఇటు చివరి నుంచి అటు చివరికి నెమ్మదిగా పదిహేను సార్లు, డబ్బాలో బుడగలు ఆగేదాకా, ఆ తర్వాతే స్టార్ట్. ముందే స్టార్ట్ చేస్తే పంపు ఆ గాలిని గిలక్కొట్టి నురగ చేసుద్ది, ఆ నురగ దిగాలంటే గంటలు పడుద్ది. స్టార్ట్ చేశాక కుయ్యి లేదు, గుర్రు లేదు, ఆఫ్ చేస్తే ఇంజను చప్పుడు లేకుండా కూర్చుంది.

డబ్బుల దగ్గర, ర్యాక్‌కి తీసుకున్న 9,100 మొత్తం ఈ బిల్లులో తగ్గించా. కిట్ ఎలాగూ కొత్తది పడింది కదా, అది ఉంచుకో బాబూ అన్నారు మాస్టారు. వద్దన్నా. మంచి సీళ్ళు తీసి మంచి సీళ్ళు వేసినందుకు డబ్బులేంటి.

అప్పటి నుంచి లీకు బండి ఏది వచ్చినా ఎక్కడ కారుతోంది అనే ముందు ఎప్పుడు కారుతోంది అని అడుగుతున్నా. రాత్రి నిలబెట్టినప్పుడా, స్టార్ట్ చేసిన వెంటనేనా, పార్కింగ్ తిప్పాకా, దూరం పోయొచ్చాకా. నిలబడి ఉన్న బండి కారితే డబ్బా, రిటర్న్ పైపులు, క్లిప్పుల వైపు చూస్తా. తిప్పినప్పుడే కారితే ప్రెజర్ హోసు, రాగి వాషర్లు, ర్యాక్ సీళ్ళు. ర్యాక్ అనుకుంటే ముందు బూటు క్లిప్పు కోసి లోపల చూడాల్సిందే, షెడ్డులో ఎన్ని బళ్ళున్నా సరే. ఏ హోసు మార్చినా ఇంజను ఊపి చూడకుండా బండి బయటికి పంపట్లా.

ఎనిమిది నెలల తర్వాత మాస్టారు మొన్న సర్వీసుకి వచ్చారు, డిక్కీలోంచి కొత్త అట్ట తీశారు. తేదీలు వరసగా ఉన్నాయి, సున్నాలు లేవు, ఒక్కటి తప్ప. మొన్న మే నెల తేదీ, కుడి వైపు కాదు ఎడమ వైపు, సున్నా పెద్దగా చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఆ రోజు ఏసీ వేశారా మాస్టారూ అని అడిగా. వేశానన్నారు. ఏసీ నీళ్ళే, అట్ట ఉబ్బింది తప్ప మరక లేదు చూడండి అన్నా. జేబులోంచి పెన్ను తీసి ప్రశ్నార్థకం కొట్టేసి 'నీరు' అని రాసుకున్నారు.